నులక తాళ్ళు ఆరేదాకా

1644 ఆగస్టు 19, సోమవారం

ఆవులు! పదకొండు ఆవులు, ఒక దూడ. మొన్న శుక్రవారం పొద్దున పొగమంచులో అవి నది గట్టు దిగి వస్తుంటే మన పార్లమెంటు పక్షం కాపలా వీరులు రాజుగారి గుర్రపుదళం అనుకున్నారు. మన కల్నల్ సర్ మార్మడ్యూక్ ఫెన్ గారు కిటికీలోంచి తల బయటపెట్టి, ఆరొందల మందీ తుపాకీ వత్తులు అంటించుకోవాలని కేకేశారు. అంటించుకున్నారు. ఆవులు గడ్డి మేసి వాటి దారిన అవి పోయాయి. వత్తులు మాత్రం మూడు పగళ్ళు, మూడు రాత్రిళ్ళు, రెండు కొసలా కాలుతూనే ఉన్నాయి. ఆర్పమని చెప్పడం దొరగారు మర్చిపోయారు మరి!

ఇవాళ గోదాం తలుపు తీసి చూస్తే ఎలకలు తప్ప ఏమీ లేవు. మందుంది, గుళ్ళున్నాయి. వత్తి, అదే మందు అంటించే తాడు, లేదు. వత్తి కొసన నిప్పు లేకపోతే తుపాకీ పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాదని ఈ పెద్దమనుషులకు ఎవరు చెప్పాలి? ఇరవై రెండేళ్ళు తాళ్ళు పేనాను. అందుకే నన్ను సరుకుల అధికారిని చేశారట. "ఏమోయ్ తాళ్ళవాడా" అని పిలుస్తాడు కల్నల్. పిలవనీ.

ఇంకో విడ్డూరం. నది అవతల గట్టున ఉన్న నీటి మరలో అరవై మందిని పెట్టారు. ఆ మర మన చేతిలో ఉంటే రాజు సైన్యం రేవు దాటి ఊరి మీదకు రాలేదట. బాగానే ఉంది. ఆ అరవై మందికి తిండీ మందూ ఎవరు చేరవేస్తారన్న సంగతి మాత్రం దొరగారి పటంలో లేదు. వాళ్ళ మీద అధికారి మా తమ్ముడు ఏమస్. పొదుపుగా వాడుకుంటే రెండు వారాలకు సరిపడా వత్తి పట్టుకెళ్ళాడు. ఏమస్ జన్మలో ఏదీ పొదుపుగా వాడలేదు.

వాడి గురించి నాకేం బెంగ లేదు.

ఆగస్టు 20

లండన్ నుంచి వత్తి వస్తోందట. పోయిన నెలా ఇదే మాట.

ఆగస్టు 21, బుధవారం

ఇవాళ మరకు పిండీ మందూ పంపాం. పంపాం అంటే నది మధ్య దాకా పంపాం.

కల్నల్ సొంత దళానికి బండి తోలడం నామోషీ. పైగా వాళ్ళకున్న పెద్ద బండి మీద దొరగారి పందిరి మంచం ఎక్కి ఊరేగుతోంది. అందుకని జిల్లా దండు వాళ్ళ బండ్లు తీసుకున్నాను. ఆ దండుకు నాయకుడు ఓబడయా క్రిచ్. పీపాలు చేసుకునేవాడు. బుర్ర కూడా చెక్కతోనే చేసుకున్నట్టున్నాడు. బండ్లు రేవులో దిగాయి. ఇరుసుల దాకా నీళ్ళు. సరిగ్గా నడిమధ్యన ఆపేశాడు మహానుభావుడు.

"ఇంక దాటదండీ బండి."

"ఎందుకు దాటదు? లోతు లేదుగా?"

"లోతు సంగతి కాదండీ. ఇది జిల్లా సరిహద్దు. మా ప్రమాణం జిల్లా వరకే."

"నీళ్ళలో గీత ఎవడు గీశాడయ్యా?"

"అదిగో, ఆ బండరాయికీ ఈ చెట్టు మొదలుకీ మధ్య. మా నాన్న చూపించాడు."

వాళ్ళ నాన్న చూపించాడట! రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం, దేశం రెండుగా చీలింది, ఈయనగారు వాళ్ళ నాన్న చూపించిన గీత దగ్గర నిలబడ్డాడు. చివరికి ఏమస్ మనుషులే అవతలి నుంచి మొలలోతు నీళ్ళలో నడిచి వచ్చి సరుకు నెత్తిన పెట్టుకుని పోయారు. రెండు మందు పీపాలు తడిసి ముద్దయ్యాయి. క్రిచ్ టోపీ తీసి అందరికీ మర్యాదగా దండం పెట్టి బండ్లు వెనక్కి తిప్పాడు.

అవతలి గట్టు మీద ఏమస్ చెయ్యెత్తాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఆగస్టు 23, శుక్రవారం

సమావేశం. కల్నల్ బల్ల మీద పటం పరిచి, కోడి కాలు నములుతూ, ఆ ఎముకతోనే సైన్యాలు నడిపాడు. ఇక్కడి నుంచి రెండొందల మంది అక్కడికి, అక్కడి నుంచి ఇటు. జిడ్డు మరక పడ్డ చోటల్లా మనం గెలిచేశాం.

"వత్తి లేదండీ" అన్నాను.

"ఉన్నదాంతో సర్దుకోవాలోయ్."

"ఉన్నది ఏమీ లేదండీ."

ఆయన నావైపు గుడ్లప్పగించి చూశాడు. ఏమీ లేకపోవడం అనేది ఆయన ఎప్పుడూ ఎరగడు పాపం. అప్పుడు చెప్పాను. ఊళ్ళో నాలుగొందల ఇళ్ళున్నాయి, ఇంటికి రెండు మంచాలైనా ఉంటాయి, ప్రతి మంచానికీ నులక ఉంటుంది, నులకంటే జనపనార తాడే. విప్పించండి, సురేకారం వేసి ఉడకబెట్టి వత్తులు చేసిస్తాను అని.

కల్నల్ ఎముక బల్ల మీద పెట్టి అన్నాడు కదా, "ఊళ్ళో మంచాలేగా?"

ఊళ్ళో మంచాలేనండీ. తమ మంచం జోలికి ఎవరొస్తారు!

ఆగస్టు 24

ప్రతి ఇంటికీ తిరిగాం. నా జీవితంలో ఇన్ని తిట్లు ఒక్క రోజులో ఎప్పుడూ తినలేదు. చర్చి వీధిలో మంత్రసాని ప్రూడెన్స్ కోగన్ ఉంది, విధవరాలు. మంచానికి అడ్డంగా కూచుంది.

"నేను నేల మీద పడుకోవాలా టప్పర్ గారూ, ఈ వయసులో?"

"దేశం కోసం తల్లీ."

"దేశం నడుం పట్టేస్తే మీరొచ్చి తైలం రాస్తారా?"

నా వెనకున్న జవాన్లు కిసుక్కున నవ్వారు. చివరికి తనే విప్పి ఇచ్చింది. ఇస్తూ ఇస్తూ ఒక సలహా కూడా పారేసింది. వాళ్ళాయన పిట్టల్ని కొట్టేటప్పుడు ఉడకబెట్టని పచ్చి నులకనే అంటించుకునేవాడట. "ఆరిపోతూ ఉండేది, ఊదుకుంటూ ఉండేవాడు. కాలేది లెండి."

మంత్రసాని నాకు వత్తి పాఠం చెబుతోంది! తాడు చుట్టుకుని వచ్చేశాను.

మొత్తం తొంభై మోపులు. మూడో వంతు పనికిమాలిన చీకు తాడు. ఈ ఊరి జనం దేని మీద పడుకుంటున్నారో కూడా చూసుకోరు.

ఆగస్టు 26, సోమవారం

మర నుంచి చీటీ వచ్చింది. ఏమస్ చేతిరాత కోడి గీకినట్టుంటుంది, చిన్నప్పటి నుంచీ అంతే.

"అన్నా, రాజు మనుషులు శనివారం నుంచి చుట్టూ తిరుగుతున్నారు. రోజూ కాల్పులే. వత్తి బుధవారం దాటి రాదు. ఎలా ఉన్నా సరే, ఏది ఉంటే అది పంపు."

బుధవారం! రెండు వారాలది పది రోజుల్లో కాల్చేశాడు. నేను ముందే రాశానా లేదా?

ఎలా ఉన్నా సరే అట. వీడు ఎప్పుడూ ఇంతే, ఎలా ఉన్నా సరే మనిషి. అందుకే తాళ్ళ పాకలో నిలవలేకపోయాడు. నిలవకపోగా, ఆరేళ్ళ కిందట సంతలో నలుగురి ముందు నేను పేనిన పగ్గం తెగిందని పగలబడి నవ్వాడు. ఒక్క పగ్గం. ఇరవై రెండేళ్ళలో ఒక్కటే. ఇప్పుడు పచ్చి నులక పంపితే, దాని నిప్పు ఆరిపోతే, మళ్ళీ అరవై మంది ముందు నవ్వుతాడు. ఆ అవకాశం వాడికి ఇవ్వను. రెండు ఉడుకులు, బూడిద నీళ్ళలో ఒకటి, సురేకారంలో ఒకటి, ఆ తర్వాత రెండు రోజులు ఆరాలి. అదీ వత్తంటే.

ఇవాళ మొదటి ఉడుకు అయింది.

ఆగస్టు 27, మంగళవారం

వాన. వాన కూడా రాజుగారి పక్షమే.

రెండో ఉడుక్కి కాగు పొయ్యి మీద పెడుతుంటే క్రిచ్ పాకలోకి వచ్చాడు, టోపీ చేత్తో పట్టుకుని.

"ఒక ఉడుకు అయినవి ఉన్నాయటగా? ఇలా ఇవ్వండి, తీసుకెళ్తాను."

"ఎక్కడికి? నది మధ్యకా?"

"బండి సరిహద్దు దాటదండీ. బండి జిల్లా సొత్తు. నా కాళ్ళు నావేగా. మోపు నెత్తిన పెట్టుకుని నేనే దాటతాను. నాతో ఇంకో ఆరుగురు వస్తామన్నారు. అవతల మన పిల్లలే కదండీ."

వీడి లెక్క చూడండి! బండికి ఒక చట్టం, కాళ్ళకు ఇంకొక చట్టం. నాకు నవ్వొచ్చింది. "పీపాలు చేసేవాడివి, వత్తి గురించి నీకేం తెలుసు? ఇంకా పని కాలేదు. అయినప్పుడు చెబుతా" అన్నాను.

టోపీ పెట్టుకున్నాడు. "రేపు బుధవారం అండీ" అన్నాడు. నాకు వారాలు తెలీవనుకున్నాడేమో. వెళ్ళిపోయాడు.

రెండో ఉడుకు బ్రహ్మాండంగా వచ్చింది. రంగు చూస్తేనే తెలుస్తుంది.

ఆగస్టు 28, బుధవారం

ఉపవాస దినం. నెలనెలా చివరి బుధవారం పార్లమెంటు వారి ఆజ్ఞ. ఊరంతా చర్చిలో కూచుని కడుపు మాడ్చుకుంటూ దేవుణ్ణి సాయం అడిగింది. ఎవడూ ఏ పనీ ముట్టుకోడు. దేవుడేమైనా తాళ్ళు పేనుతాడా? ఇలాంటి మూర్ఖుల వల్ల ఒక రోజు పోయింది.

అసలు ఉపవాసం లేకపోయినా నేను పంపి ఉండేవాణ్ణి కాదులే. ఇంకా చెమ్మగానే ఉన్నాయి.

ఆగస్టు 29, గురువారం

పొద్దుటి నుంచి మర వైపు ఒకటే కాల్పులు. మధ్యాహ్నానికి పలచబడ్డాయి. సాయంత్రం ఒక్కటి కూడా వినబడలేదు.

పొదుపు చేస్తున్నాడు. ఇన్నాళ్ళకు బుద్ధొచ్చింది.

వత్తులకు తడి ఆరింది. ఒక కొస అంటించి చూశాను. ఆరకుండా, చిటపట లేకుండా, సన్నని ఎర్రటి మొన. ఈ రాజ్యంలో ఇంతకన్నా మంచి వత్తి ఎవడి దగ్గరా లేదు.

పొదుపు చేస్తున్నాడు, అంతే.

ఆగస్టు 30, శుక్రవారం

రేవు దగ్గర క్రిచ్ మర వైపు చాలాసేపు చూశాడు. "నిన్న సాయంత్రం నుంచి చప్పుడే లేదండీ. ముందు ఒకడు వెళ్ళి చూసొస్తే మంచిదేమో" అన్నాడు.

"పొదుపు చేస్తున్నారయ్యా. నడు" అన్నాను నేను.

బండ్లు సరిహద్దు దగ్గర ఆపారు. అక్కడి నుంచి క్రిచ్, మిగతా ఆరుగురు మోపులు నెత్తిన పెట్టుకుని నడిచారు. క్రిచ్ అందరికన్నా ముందు. గీత దాటేటప్పుడు ఒక్క క్షణం ఆగాడు, నేను చూశాను. తర్వాత కాలు ముందుకు వేశాడు.

మర కిటికీల్లోంచి కాల్చారు. మన వాళ్ళు కాదు. క్రిచ్ పడిపోయాడు. ఇంకో ఇద్దరు పడ్డారు. మిగిలినవాళ్ళు మోపులు వదిలేసి నీళ్ళలో పడుతూ లేస్తూ వచ్చారు. మోపులు నీళ్ళలో తేలుతూ అవతలి గట్టుకు కొట్టుకుపోయాయి. రాజు మనుషులు గడకర్రలతో లాక్కున్నారు. ఆరబెట్టుకుంటారు. బాగా కాలుతుంది అది. రెండు ఉడుకులు.

ఏమస్ సంగతి తెలీదు. ఏమస్ సంగతి ఎవరికీ తెలీదు.

ఆగస్టు 31

కల్నల్ తేల్చేశాడు. ఆ మర అసలు మనకు అవసరమే కాదట. అది ఎరట. శత్రువు ఎరను మింగాడట, ఇప్పుడు కదల్లేడట. అరవై మంది ఎర! పొద్దున్నే ఈ మాటలంటూ గుడ్డు పెంకు ఒలుచుకుంటున్నాడు. ఆ పెంకు తీసి ఆయన గొంతులో కుక్కాలనిపించింది. పోనీ అని మనసులో రాసుకున్నాను తప్పెవరిదో. ఆవులకు భయపడి వత్తి తగలేసినవాడిది. బండి తోలడం నామోషీ అనుకున్నవాళ్ళది. ఉపవాసం ఉన్నవాళ్ళది. గీత దగ్గర బండి ఆపినవాడిది.

ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు.

సెప్టెంబరు 1

ఏమస్.

సెప్టెంబరు 2

మూడో వంతు చీకు తాడని రాశాను కదా. ఏరి పక్కన పడేసిన ఆ చీకు తాడులో ఒక ముక్క ఇవాళ ఉడకబెట్టకుండా అంటించాను. ఆరిపోయింది. చూశారా! ఊదితే మళ్ళీ అంటుకుంది. ఇంకోసారి ఆరిపోయింది. మళ్ళీ ఊదాను. అలా పొయ్యి పక్కన కూచుని ముక్కంతా అయిపోయేదాకా ఊదాను.

సెప్టెంబరు 5, గురువారం

వచ్చాడు! ఏమస్ వచ్చాడు. పధ్నాలుగు మందిని ఆయుధాలు లాక్కుని వదిలేశారు. ఊరి గేటు దగ్గర వాడి మొహం నేను గుర్తుపట్టలేదు. కుడి చెయ్యి మణికట్టు దాకా గుడ్డ చుట్టి ఉంది. మందు అంటుకుని కాలిందట. ఇంక వేళ్ళు లేవు. నేను ఏడ్చాను. రోడ్డు మీద, అందరి ముందు, ముక్కు కారేలా ఏడ్చాను. ఎన్నేళ్ళయిందో వాణ్ణి కావలించుకుని.

ఇంటికి తెచ్చి గంజి తాగించాను. స్పూను నేనే పట్టుకున్నాను. నెమ్మదిగా చెప్పాడు. బుధవారం మధ్యాహ్నానికి వత్తి అయిపోయిందట. అప్పుడు చొక్కాల అంచులు చింపి, పిండి సంచుల తాళ్ళు విప్పి, వాడే కూచుని పేనాడట.

"ఉడకబెట్టడానికి ఏముంది అన్నా అక్కడ? పచ్చివే అంటించుకున్నాం. ఆరిపోయేవి, ఊదుకునేవాళ్ళం. ఇద్దరు ఊదుతుంటే ఒకడు కాల్చేవాడు. అలా గురువారం మధ్యాహ్నం దాకా నెట్టుకొచ్చాం. చొక్కాలూ అయిపోయాయి. ఇంకో రెండు మోపులు ఏవైనా ఉంటే చీకటి పడేదాకా ఆగేవాళ్ళం. చీకట్లో నది దాటి వచ్చేద్దామనుకున్నాం, అందరం."

స్పూను గిన్నెలో పెట్టాను.

"నీ దగ్గర ఏమీ దొరకలేదా అన్నా?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకుందామని అడిగాడు. నేను చెప్పాను. ఆవుల సంగతి చెప్పాను, కల్నల్ మంచం సంగతి చెప్పాను, వాడు కొంచెం నవ్వాడు కూడా. నులక చెప్పాను, వాన, ఉపవాసం, శుక్రవారం క్రిచ్ నదిలో పడిపోవడం చెప్పాను. "మంగళవారం నాటికి తయారుగా ఏదీ లేదా?" అన్నాడు. "మంగళవారం క్రిచ్ వచ్చాడు. బండి సరిహద్దు దాటదన్నాడు" అన్నాను.

అన్నాడు. ఆ మాట వాడు అన్నాడు. నేను కల్పించలేదు.

ఆ తర్వాత మాట నేను చెప్పలేదు.

ఏమస్ గిన్నె పక్కకు తోశాడు. "గీత కోసం! నలభై ఆరు మంది పోయారన్నా! శుక్రవారం సిగ్గేసి దాటి చచ్చాడు కాబోలు, మంగళవారం దాటితే వాడి సొమ్మేం పోయేది?" అని తిట్టాడు. తర్వాత ఎడమ చెయ్యి నా భుజం మీద వేశాడు. "నువ్వొక్కడివే అన్నా మా కోసం తిరిగింది. ఆరోజు సంతలో నవ్వినందుకు నన్ను క్షమించు" అన్నాడు.

ఫరవాలేదురా అన్నాను.

సెప్టెంబరు 6

చెబుతాను. వాడి చెయ్యి కొంచెం మానాక చెబుతాను. ఇప్పుడు చెబితే వాడు తట్టుకోలేడు.

సెప్టెంబరు 7

వాడు ఊరంతా చెబుతున్నాడట. క్రిచ్ సంగతి.

సెప్టెంబరు 8, ఆదివారం

చర్చిలో పాదిరి చనిపోయినవాళ్ళ పేర్లు చదివాడు. మరలో పోయిన నలభై ఆరు మందివి, నదిలో పోయిన ముగ్గురివి. "ఓబడయా క్రిచ్" అన్న మాట వినబడగానే ఏమస్ లేచి నిలబడ్డాడు. కాలిన చెయ్యి గుండెకు ఆనించుకుని, బెంచీల మధ్య నుంచి తలుపు వైపు నడిచాడు. మరలోంచి తిరిగొచ్చిన పదముగ్గురూ ఒకరి వెనక ఒకరు లేచి వాడి వెనకే వెళ్ళారు. చర్చంతా వాళ్ళ అడుగుల చప్పుడే. పాదిరి చదవడం ఆపేశాడు.

క్రిచ్ భార్య ముందు వరసలో ఇద్దరాడపిల్లల మధ్య కూచుని ఉంది.

నన్నెవరూ లెమ్మనలేదు. కూచుని ఉండొచ్చు. లేచి నిలబడి, ఆగండ్రా, ఆయన దాటతానన్నాడు, ఇవ్వనిది నేను అని కూడా అనొచ్చు. నోరు తెరిచాను కూడా. అప్పుడు తలుపు దగ్గర ఏమస్ వెనక్కి తిరిగి, నేను వస్తున్నానా అని చూశాడు. లేచాను. వాళ్ళ వెనకే నడిచాను.

ఆవిడ బెంచీ దాటుతుంటే తలెత్తింది. వెళ్ళిపోయిన పధ్నాలుగు మందిలో ఒక్కరి మొహం కూడా చూడని మనిషి నా మొహంలోకి చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. మంగళవారం సాయంత్రం వానలో తడిసి ఇంటికెళ్ళి, టోపీ ఆరేసుకుంటూ, "టప్పర్ గారు సరుకివ్వలేదే" అని చెప్పే ఉంటాడు కదా ఆయన.